"బావుంది" అన్నవాళ్ళందరికీ ఒక నమస్కారం

మొదటే చెప్పేస్తున్నా, ఈ టపాలో తిట్లు ఎక్కువగా మనోళ్ళకే. మనోళ్ళంటే సాఫ్టువేరు వాళ్ళం. అందులోనూ మొదటి తిట్టు నాకే కాబట్టి ఎవరూ ఫీలవ్వక్కర్లేదు.

మా పిన్ని కొడుకు ఒకడు ఇంజనీరింగు రెండో ఏడాదిలో మానేసి సినిమా కోర్సులో చేరాడు (అప్పుడు ఇంట్లో జరిగిన రామాయణం ఇంకోసారి చెప్తా). ఆఖరి ఏడాది ఒక్కొక్కళ్ళూ ఒక చిన్న సినిమా తీసి ఇవ్వాలి. వీడు పదిహేడు నిమిషాలది తీశాడు. కథ పెద్దగా ఏం లేదు. ఒక అపార్టుమెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన ప్రతి సోమవారం ఒక తెల్ల చొక్కా ఇచ్చి, సాయంత్రం తనే వచ్చి తీసుకెళ్తాడు. ఒక సోమవారం ఇచ్చిన చొక్కా కోసం రాడు. పోయాడు. చొక్కా ఈవిడ దగ్గరే ఉండిపోయింది. ఎవరికివ్వాలి? పైకెళ్తుంది, అమెరికా నించి దిగిన కొడుకు ఫోన్లలో మునిగి ఉంటాడు, గుమ్మంలోంచే వెనక్కొస్తుంది. చివర్లో రాత్రిపూట, బొగ్గులు ఆరిపోయే ముందు, ఆ చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తుంది. కాలరు, భుజాలు, చేతులు, ఒక్కో మడతా. రెండు నిమిషాల పది సెకన్లు, ఎక్కడా కట్ లేకుండా ఒకటే షాటు. అంతే సినిమా.

ముందు నాకే చూపించాడు. నేను "బావుందిరా" అన్నా.

"ఏం బావుందన్నయ్యా?" అన్నాడు వాడు.

నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. "ఓవరాల్‌గా" అన్నా. ఆ ఓవరాల్ అనే మాట కనిపెట్టినవాడికి గుడి కట్టాలి. మనం ఏమీ ఆలోచించలేదని బయటపడకుండా ఎన్నిసార్లు కాపాడిందో.

వాడి మొహం చూసి, పోన్లే పాపం అని, నాకు తెలిసిన విద్య బయటికి తీశా. "ఒక్కడి మాట ఎందుకురా, డేటా తీసుకుందాం" అన్నా. అక్కడ మొదలైంది దరిద్రం.

గూగుల్ ఫారం తయారుచేశా. పన్నెండు ప్రశ్నలు. కథకి ఐదుకి ఎన్ని, స్క్రీన్‌ప్లేకి ఎన్ని, ఫొటోగ్రఫీకి ఎన్ని, నటనకి ఎన్ని, సంగీతానికి ఎన్ని (సినిమాలో సంగీతమే లేదు, అయినా పెట్టా, టెంప్లేటులో ఉంది మరి!). "ఈ సినిమాని మీ స్నేహితులకి చూడమని చెప్తారా, సున్నా నించి పదిలోపు" అని ఒకటి. ఇది 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన దగ్గర్నించీ ప్రపంచంలో ప్రతి కంపెనీకీ పట్టుకున్న జబ్బు. తొమ్మిదీ పదీ ఇచ్చినవాళ్ళు మనవాళ్ళు, ఏడూ ఎనిమిదీ తటస్థులు, ఆరూ అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్ళు శత్రువులు. సెల్‌ఫోను బిల్లు కట్టినా ఇదే అడుగుతారు, ఆస్పత్రి నించి బయటికొచ్చినా ఇదే అడుగుతారు. నేను ఇస్త్రీ బండి ఆవిడ కథకి అడిగా. లింకూ ఫారమూ కలిపి ఆఫీసు గ్రూపులో, కాలేజీ బ్యాచి గ్రూపులో, క్రికెట్ గ్రూపులో పడేశా.

నలభై మూడు మంది నింపారు. సగటు 4.3. మా టీమ్ చేసిన ఏ రిలీజుకీ కస్టమరు ఇంత ఇవ్వలేదు. నేను రంగురంగుల చార్టులు గీసి వాడికి పంపి కాలరెగరేశా. వాడు ఆ చార్టు చూసి, "మరి ఇప్పుడు నేనేం మార్చాలన్నయ్యా?" అన్నాడు. మళ్ళీ నా దగ్గర జవాబు లేదు.

4.3 అంటే ఏమిటో ఇప్పుడు చెప్తా. కొలీగు తమ్ముడు, పాపం కుర్రాడు, కష్టపడి తీశాడు, నాలుగుకి తగ్గిస్తే బావోదు, ఐదిస్తే మరీ అబద్ధంలా ఉంటుంది. అదీ 4.3. అందులో సినిమా గురించి ముక్క లేదు. మన మర్యాద ఎంతో అందులో కనపడుతుంది, అంతే.

మీరు పెళ్ళికెళ్తారు. చెయ్యి కడుక్కుని బయటికొస్తుంటే పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చి "భోజనాలు ఎలా ఉన్నాయండీ" అంటాడు. సాంబారు నీళ్ళలా ఉందనీ, పులిహోరలో ఉప్పు లేదనీ అక్కడ చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. "బ్రహ్మాండం బావగారూ" అంటాం. అసలు సంగతి కారెక్కి సందు మలుపు తిరిగాక బయటికొస్తుంది. మరి మా ఊళ్ళో వంటలు చేసే పెద్దాయన ఏం చేసేవాడో తెలుసా? ఎవర్నీ అడిగేవాడు కాదు. మొదటి పంక్తి లేచాక ఎంగిలి విస్తళ్ళు ఎత్తేలోపు ఒకసారి వరస వెంట నడిచి వచ్చేవాడు. ఏ కూర విస్తట్లో అలాగే ఉండిపోయిందో చూసి రెండో పంక్తికి సర్దేవాడు. ఈ పని చెయ్యడానికి ఆయనకి ఫారం అక్కర్లేకపోయింది.

నేను చేసిందేమిటంటే, విస్తళ్ళు చూడ్డం మానేసి గుమ్మం దగ్గర నించుని "ఎలా ఉన్నాయండీ" అని అడగడం. అదీ నలభై మూడు మందిని.

పోనీ వాళ్ళు ఎలా చూశారో అదైనా తెలుసా అంటే, తరవాత ఒక్కొక్కణ్ణీ కదిలిస్తే బయటపడింది. ఒకడు మెట్రోలో ఫోన్లో చూశాడు. ఒకడు ఒకటిన్నర స్పీడులో చూశాడు ("ఆఫీసు ట్రైనింగు వీడియోలన్నీ అలాగే చూస్తా బాసూ, అలవాటు"). ఒకామె మీటింగులో మ్యూటులో పెట్టి చూసింది. సౌండుకి మాత్రం నాలుగు వేసింది!

ఇక ఫారంలో చివరి డబ్బా, "మీ సలహాలు, సూచనలు". అసలు వినోదం ఇక్కడుంది. ఆ పెద్దాయన్ని కొడుకే చంపాడని ట్విస్టు పెట్టమన్నారు ఒకరు. ఇస్త్రీ ఆవిడకీ ఆయనకీ పాత పరిచయం ఉన్నట్టు ఫ్లాష్‌బ్యాకు పెట్టమన్నారు ఇంకొకరు. బ్యాక్‌గ్రౌండు మ్యూజిక్ వయొలిన్‌తో దంచెయ్యమన్నారు. మనకి ఉన్న గొప్ప రోగం ఇదే. బగ్గు రిపోర్టులో ఏం జరిగిందో రాయమంటే, ఏం జరిగిందో తప్ప అన్నీ రాస్తాం. డిజైను మార్చేస్తాం, డేటాబేసు మార్చేస్తాం, కుదిరితే వేరే భాషలో మొదట్నించీ రాసేద్దాం అంటాం. అదే పనిని టెస్టరు చేస్తే మాత్రం ఒప్పుకోం. "స్టెప్స్ చెప్పవయ్యా, సొల్యూషను నేను చూసుకుంటా" అని అరుస్తాం. మరి సినిమావాడికి ఆ హక్కు లేదా?

ఆ డబ్బాలో ఒక్క మాట మాత్రం పదకొండు మంది రాశారు. చివర్లో లాగ్. కొంతమంది లాగ్ అన్నారు, కొంతమంది సాగదీశాడన్నారు, ఒకడు సుత్తి అన్నాడు. (1982లో "నాలుగు స్తంభాలాట" సినిమాతో జంధ్యాల ఈ మాటని ఇంటింటికీ చేర్చాడు, ఇప్పటికీ దానికి సాటి మాట రాలేదు. అది వేరే సంగతి.)

పదకొండు మంది! నాకు పండగ. "చూశావా, ప్యాటర్ను దొరికింది. ఆ చివరి షాటు తగ్గించు" అన్నా. వాడు ఒప్పుకోలేదు. ఆ షాటు కోసమే సినిమా తీశానన్నాడు. ఆ నటి ఒక నెల రోజులు నిజంగా బండి దగ్గర నించుని బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ నేర్చుకుందన్నాడు. నేను, ఎనిమిది గంటలు కంప్యూటరు ముందు కూర్చోడం తప్ప జన్మలో ఏమీ తియ్యని నేను, "డేటా అబద్ధం చెప్పదురా" అన్నా. ఈ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెంపలేసుకోవాలనిపిస్తుంది. వాడు రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆ షాటుని యాభై సెకన్లకి కోసి పంపాడు.

ఈసారి మా ఫ్లాటులోనే పదిమందిని కూర్చోబెట్టి టీవీలో వేశాం. అయిపోయాక నలుగురు ఏమన్నారో చెప్పుకోండి. "చివర్లో కొంచెం లాగ్ బ్రో".

రెండు నిమిషాల పది సెకన్లదీ లాగే, యాభై సెకన్లదీ లాగే. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా? వెలగలేదు. "పూర్తిగా తీసేస్తే?" అన్నా నేను. వాడు నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఇంతలో మా అమ్మ తాడేపల్లిగూడెం నించి వచ్చింది. ఆదివారం పొద్దున్న చిక్కుడుకాయలు ఒలుస్తూ, వాడి సినిమా పెట్టరా చూద్దాం అంది. లాప్‌టాప్‌లో పెట్టాం. ఆ యాభై సెకన్ల షాటు వస్తుండగా తలెత్తి, "ఏరా, ఆయన ఊర్నించి ఎప్పుడొస్తాడూ?" అంది.

"ఏ ఊర్నించమ్మా?"

"అదే, కొడుకు అమెరికా తీసుకుపోయాడుగా. వచ్చాక ఇస్తే పోలా, ఆ చొక్కా పట్టుకుని ఈ పిల్ల ఎందుకలా తిరుగుతోందీ?"

వాడూ నేనూ మొహాలు చూసుకున్నాం.

ఆయన చనిపోయాడని సినిమాలో చెప్పింది ఒకే ఒక్క చోట. ఈవిడ గుమ్మంలో నించున్నప్పుడు, కొడుకు వెనక, బల్ల మీద దండ వేసిన ఫొటో. రెండు సెకన్లు. అదీ ఫ్రేములో ఒక మూల. వాళ్ళ కాలేజీ థియేటర్లో పెద్ద తెర మీద వేస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఫోన్లో చూస్తే అది ఆవగింజంత. కొడుకు చేతిలో సూట్‌కేసు మాత్రం ప్రతి ఫోన్లోనూ కనిపిస్తుంది.

నేను వెంటనే లాగ్ అన్న పదకొండు మందికీ ఫోన్లు కొట్టా. ఈసారి ఒకటే ప్రశ్న. ఆ పెద్దాయన ఏమయ్యాడు? ఏడుగురు "అమెరికా వెళ్ళిపోయాడు కదా" అన్నారు. ఇద్దరు "గుర్తు లేదు" అన్నారు. పోయాడని చెప్పింది ఇద్దరే.

ఊరెళ్ళినవాడి చొక్కాని ఎవరో రెండు నిమిషాలు ఇస్త్రీ చేస్తుంటే అది సుత్తి కాక మరేమిటి? వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి విసుగు పుట్టిన మాట నిజం. విసుగు పుట్టిన చోటు పదిహేనో నిమిషం. విసుగుకి కారణం తొమ్మిదో నిమిషంలో ఉంది.

ఈ సంగతి నేను కనిపెట్టిందేం కాదు. "అపోకలిప్స్ నౌ" సినిమాకి ఎడిటింగూ సౌండూ చేసిన వాల్టర్ మర్చ్ "ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఏన్ ఐ" అనే చిన్న పుస్తకంలో ఎప్పుడో చెప్పాడు. మోచెయ్యి నొప్పి అని రోగి వస్తే నాటు వైద్యుడు మోచెయ్యి కోస్తాడు, నొప్పి అసలు భుజంలో నరం దగ్గర్నించి దిగి ఉండొచ్చు, ప్రేక్షకులకి ఏ సీను నచ్చలేదో చెప్పమంటే వాళ్ళు మోచెయ్యే చూపిస్తారు అని. మావాడి కోర్సులో ఈ పుస్తకం ఉందట. "మరి చెప్పవేంట్రా?" అంటే "నీ దగ్గర చార్టులున్నాయి కదన్నయ్యా" అన్నాడు. తగిలింది.

మన వృత్తిలోనూ తెలియనిదేం కాదిది. 2000లో జేకబ్ నీల్సన్ రాశాడు, ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలో ఉన్న లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని. ఆ లెక్క మీద తరవాత బోలెడు వాదోపవాదాలు జరిగాయి, సరే. కానీ ఆ ఐదుగుర్నీ ఆయన ఐదుకి ఎన్ని మార్కులని అడగలేదు. పనిచ్చి, పక్కన కూర్చుని, ఎక్కడ తడుముకుంటున్నారో చూశాడు. యూజరు ఏం చెప్తాడో కాదు, ఏం చేస్తాడో చూడమని మనం ఆఫీసులో స్లైడ్లు వేసి మరీ చెప్తాం. సినిమా దగ్గరికొచ్చేసరికి మనందరం పెళ్ళికూతురి తండ్రులమైపోతాం.

హాలీవుడ్డులో విడుదలకి ముందు జనానికి చూపించడం చాలా పాత అలవాటు. అందులో రెండు కథలు చూడండి. బిల్లీ వైల్డర్ తీసిన "సన్‌సెట్ బులెవార్డ్" 1950లో వచ్చింది. మొదట్లో ఆ సినిమా శవాగారంలో మొదలయ్యేది, శవాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇల్లినాయ్‌లో ఎవాన్‌స్టన్ అనే ఊళ్ళో వేస్తే జనం పగలబడి నవ్వారు. నవ్వించాలని తీసిన సీను కాదది. వైల్డర్ ఆ మొదలు తీసేసి కొత్తది పెట్టాడు, ఈత కొలనులో తేలే శవం, ఇవాళ అందరికీ తెలిసింది అదే. జనం ఆయనకి ఈత కొలను ఐడియా ఇవ్వలేదు. నవ్వారంతే. ఏం చెయ్యాలో ఆయనే చూసుకున్నాడు.

రెండోది ఏడుపు కథ. ఆర్సన్ వెల్స్ "ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్" ని 1942 మార్చిలో కాలిఫోర్నియాలో పొమోనా అనే ఊళ్ళో వేశారు. ఆ రోజు హాల్లో దానికి ముందు ఆడింది ఒక సరదా పాటల సినిమా. దాని కోసం వచ్చిన కుర్రకారుకి, ఒక కుటుంబం చితికిపోయే కథ చూపించి కార్డులు నింపమన్నారు. ఏం నింపుతారు? ఇంకోచోట, పసడీనాలో, వేస్తే అంతకన్నా నయంగానే నడిచింది, కానీ స్టూడియో అప్పటికే హడలిపోయింది. వెల్స్ బ్రెజిల్లో ఉన్నాడు. నలభై నిమిషాలకి పైగా కోసేశారు, ముగింపు వేరేవాళ్ళతో మళ్ళీ తీయించారు, 88 నిమిషాల సినిమా మిగిలింది. కోసిన ముక్కలు ఇప్పుడు లేవు, నాశనం చేసేశారు. ఇవాళ ఎవరికైనా వెల్స్ తీసింది చూడాలనుంటే కుదరదు.

నేను మావాడికి పొమోనా హాలు తెచ్చిపెట్టాను. ఉచితంగా.

ఇక్కడ మా ఫ్రెండొకడు అంటాడు, "అందుకే బాసూ, ఆర్టు తీసేవాడు జనాన్ని అడక్కూడదు" అని. అదీ నేనొప్పుకోను. అడక్కపోతే మావాడికి ఆ దండ ఫొటో సంగతి జన్మలో తెలిసేది కాదు. వాడు ఆ సీను నాలుగువందల సార్లు చూసుంటాడు. వాడి కంటికి ఆ ఫొటో అంబేద్కర్ విగ్రహమంత ఉంది. ఇంకో నిజం కూడా చెప్పాలి, ఏ మాటకామాట. లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద శ్రద్ధాంజలి కాగితం అంటించి ఉన్న షాటు వాడు తీశాడు. నాలుగు సెకన్లు. ఎడిటింగులో వాడే తీసేశాడు, "మరీ చెంచాతో తినిపించినట్టుంటుంది" అని. సినిమా స్టూడెంట్లకి ఉండే భయం ఇది, ఎక్కడ తెలిసిపోతుందో అని. మనకి ఎక్కడ తెలియదో అని భయం, వాళ్ళకి ఎక్కడ తెలిసిపోతుందో అని.

కాబట్టి అడగాలి. నచ్చిందా అని మాత్రం కాదు. 1987లో "ఫేటల్ అట్రాక్షన్" ముగింపు జనానికి నచ్చలేదని మళ్ళీ తీశారు, డబ్బులు బాగా వచ్చాయి, అక్కడ ఆ ప్రశ్నకి అర్థముంది, టికెట్లు అమ్ముకోవాలి. మావాడు ఎవరికీ టికెట్లు అమ్మట్లేదు. నచ్చాలి అనే బరువు లేకుండా ఒక మనిషి సినిమా తీసేది జీవితంలో బహుశా ఆ ఒక్కసారే. రేపు వాడు ఇండస్ట్రీలోకి వెళ్తే నచ్చిందా నచ్చిందా అని అడిగేవాళ్ళు వెయ్యిమంది చుట్టూ ఉంటారు. 2024లో పూణే ఎఫ్‌టీఐఐ విద్యార్థి చిదానంద నాయక్ తీసిన కన్నడ చిన్న సినిమాకి కేన్స్‌లో లా సినెఫ్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఒక ముసలావిడ ఊళ్ళో కోడిని ఎత్తుకుపోతుంది, అదీ కథ. ఆ కథని మన క్రికెట్ గ్రూపులో పడేసి ఉంటే కోడికి ఫ్లాష్‌బ్యాకు పెట్టమని ఉండేవాళ్ళం :-)

అడగాల్సింది ఏమిటంటే, "కథ చెప్పండి". అంతే. ఇప్పుడు చూసింది మీ ఇంట్లోవాళ్ళకి చెప్తున్నట్టు చెప్పండి. వాళ్ళు చెప్పే కథకీ మీరు తీసిన కథకీ ఎక్కడ తేడా వస్తుందో అదీ బగ్గు. ఆడుతున్నంతసేపూ తెరకేసి చూడకుండా మొహాలకేసి చూడాలి. ఎవరు ఎప్పుడు ఫోను తీశారు, ఎప్పుడు కుర్చీలో కదిలారు, రాసుకోవాలి. సలహా ఇస్తానంటే నవ్వుతూ వినాలి, ఇచ్చినందుకు కాఫీ ఇవ్వాలి, కానీ "అది మీకు ఎక్కడ అనిపించింది, దానికి ముందు ఏం జరిగిందనుకున్నారు" అని వెనక్కి లాగాలి. ఇంకోటి, కథ ముందే తెలిసినవాళ్ళని పిలవకూడదు. మేనమామల్ని అసలే పిలవకూడదు.

ఇవన్నీ సౌండు మిక్సింగుకి ముందే చెయ్యాలి. మిక్సింగయ్యాక ఒక్క షాటు కదిపినా మాటలు, చప్పుళ్ళు అన్నీ మళ్ళీ సర్దుకోవాలి. ప్రొడక్షన్లో బగ్గు పట్టుకుంటే ఎంత ఖర్చో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ చిక్కుడుకాయలు ఒలిచిన ఆదివారానికి మావాడి మిక్సింగు అయిపోయింది. మిక్స్ చేసిన కుర్రాడు పండక్కి ఊరెళ్ళిపోయాడు. బుధవారం సినిమా ఇచ్చెయ్యాలి. యాభై సెకన్ల కట్టే వెళ్ళింది, శ్రద్ధాంజలి కాగితం లేకుండా.

చూసినవాళ్ళు వాడికి ఏం రాశారో తెలుసా? అంతా బావుంది, చివర్లో తొందరపడ్డావు, ఆ ఆఖరి షాటు ఇంకాసేపు ఉండాల్సింది అని.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

పాత కట్టు హార్డ్‌డిస్కులో ఉంది, వెల్స్‌కన్నా మావాడి అదృష్టం అంతవరకూ నయం. ఇప్పుడు ఫెస్టివల్స్‌కి పంపడానికి ఆ రెండు నిమిషాల పది సెకన్లూ తిరిగి పెట్టాడు, నోటీసు బోర్డు నాలుగు సెకన్లూ పెట్టాడు. మిక్సింగు ఇంకా చెయ్యలేదు. వచ్చే ఆదివారం ఆరుగురికి వేస్తాడట. ఫారం లేదు. నన్ను పిలవలేదు. ఎందుకురా అంటే "నీకు కథ తెలుసు కదన్నయ్యా" అన్నాడు.

నలుగురు దొరికారట, ఇంకో ఇద్దరు కావాలి. సాఫ్టువేరువాళ్ళు వద్దన్నాడు. మీ ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ సినిమా చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.